అక్తర్ బేగం కోసిన మ్యాట్

అక్తర్ బేగానికి నలభై రెండేళ్లు నిండేదాకా కారెక్కే పని పడలేదు. అయినా తెనాలి టాక్సీ స్టాండులో ఆగే ఏ బండి నేల ఎంత వెడల్పో, ఎక్కడ వంపు తిరుగుతుందో, ఎక్కడ ఉబ్బి ఉంటుందో ఆమెకు తెలుసు. కారును చూసి కాదు, కాగితాన్ని చూసి తెలుసు.

ఆమె భర్త లాల్ అహమ్మద్‌కి స్టాండు వెనక సందులో చిన్న కొట్టు ఉండేది. కార్లకు సీటు కవర్లు కుట్టడం, కాళ్ల కింద వేసే రబ్బరు మ్యాట్లు కోయడం ఆయన పని. మ్యాట్ కావాలని ఎవరొచ్చినా ముందు బండి తలుపు తీసి, మోకాళ్ల మీద కూర్చుని, తల లోపలికి పెట్టి, పాత పేపరు నేల మీద పరిచేవాడు. అంచుల వెంట బొటనవేలితో నొక్కుకుంటూ పోతే కాగితం మీద మడత పడేది. ఆ మడత వెంట సుద్దతో గీసి, కత్తిరించి, మళ్లీ బండిలో పెట్టి చూసేవాడు. చాలకపోతే ఇంకో ముక్క అతికించేవాడు. ఒక్కో బండికి గంట పట్టేది.

టాక్సీ డ్రైవరు పున్నారావుకి అది చూస్తే నోరు ఊరుకునేది కాదు.

"ఏం బాబాయ్, మ్యాట్ కోస్తున్నావా, పెళ్లికొడుక్కి సూటు కుడుతున్నావా?"

"సూటు వదులైతే నలుగురూ నవ్విపోతారు. ఇది వదులైతే నువ్వు కాలవలో తేలతావు."

"అన్నీ అంబాసిడర్లేగా. ఒక్క కాగితం పెట్టుకుని అందరికీ కొయ్యి."

"నీ బండి నేల తుప్పు పట్టి ఎన్ని రేకులు అతికించావో నీకు గుర్తుందా? నాకు గుర్తుంది. మూడు. పక్కవాడి బండికి ఒక్కటీ లేదు. ఇద్దరికీ ఒకే కాగితం ఎట్లా సరిపోద్దిరా?"

సాయంత్రానికి ఆ కాగితాలు, కోసిన రబ్బరు ముక్కలు ఇంటికి వచ్చేవి. అంచులకు రెక్సిన్ పట్టీ వేసి కుట్టడం అక్తర్ బేగం వంతు. లావు సూది, నీలం దారం. నల్ల పట్టీ మీద నీలం దారం ఎందుకని ఎవరో అడిగితే, ఇంట్లో ఒకప్పుడు నీలం దారపు ఉండలు మిగిలిపోయి మొదలైందని, తరవాత అదే అలవాటైందని చెప్పింది. కుట్టడం అయ్యాక కాగితాన్ని మడిచి, దాని మీద ఆయన వేసిన బండి నెంబరు పైకి కనపడేలా ట్రంకు పెట్టెలో సర్దేది. పిల్లలు కలగని ఆ ఇంట్లో ఇరవై ఏళ్లుగా పెరిగింది ఆ పెట్టె ఒక్కటే.

అన్నం తినేటప్పుడు ఆయన పని కబుర్లే చెప్పేవాడు. ఆమె వింటూ ఉండేది. బ్రేకు పూర్తిగా తొక్కి పట్టినా దాని కింద బొటనవేలు పట్టేంత సందు ఉండాలి, మ్యాట్ అంచు అక్కడికి రాకూడదు. అంబాసిడర్‌లో హెడ్‌లైటు కిందికి దించే డిప్పరు బొత్తాం క్లచ్చి పక్కన నేల మీదే ఉంటుంది, ఎడమ కాలితో నొక్కాలి. ఆ బొత్తానికి సరిగ్గా పట్టేలా మ్యాట్‌లో గుండ్రటి రంధ్రం కోయాలి. చొక్కా కాజాలోకి గుండీ దూర్చినట్టు బొత్తాం అందులోకి ఎక్కితే ఇక మ్యాట్ ముందుకూ పోదు, వెనక్కూ రాదు. ఫియట్ కారుకి నేల మీద ఆ బొత్తాం లేదు, దాని నేల చిన్నది, దాని లెక్క వేరు. ఇవన్నీ అక్తర్ బేగానికి నమాజులా నోటికి వచ్చు. ఆమె కత్తి పట్టింది మాత్రం ఒకే ఒక్కసారి.

ఎనభై తొమ్మిదో సంవత్సరం జూలైలో లాల్ అహమ్మద్‌కి కామెర్లు వచ్చాయి. మొదట పసరు వైద్యం, తరవాత ఆసుపత్రి, తరవాత ఇంట్లో నులక మంచం. అప్పటికి రేపల్లె జకరయ్య మాస్టారి బండికి కాగితం తీసి ఉంచాడు గానీ మ్యాట్ కోయలేదు. మాస్టారు బడి నుంచి రిటైరై, ఉన్న ఫియట్ అమ్మేసి పాత అంబాసిడర్ కొన్నారు. ఫియట్‌కీ మ్యాట్ చేసింది లాల్ అహమ్మదే.

"మాస్టారు ఆదివారం వస్తానన్నాడు," అన్నాడు ఆయన మంచం మీది నుంచి. "మాటిచ్చాను. నువ్వు కొయ్యి అక్తర్."

"నేనా? పాడు చేస్తే?"

"ఇరవై ఏళ్లు అంచు కుట్టినదానివి. అంచు ఎక్కడుందో నీకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది?"

రబ్బరు షీటు నేల మీద పరిచి, కాగితం పెట్టి, నాలుగు మూలలా ఇస్త్రీ పెట్టె, రుబ్బురోలు పొత్రం, చేతికి దొరికినవి బరువు పెట్టి కోయడం మొదలుపెట్టింది. బ్రేకు దగ్గరి వంపు సగం కోసేసరికి ఆయన మంచినీళ్లు అడిగాడు. లేచి, తల ఎత్తి పట్టి తాగించి, తిరిగొచ్చి మిగతాది కోసింది. కాగితం కదిలిందా, లేదా? అప్పుడు ఆ ఆలోచనే రాలేదు. రంధ్రం కూడా కోసి, నీలం దారంతో అంచు కుట్టి పెట్టింది.

ఆదివారం మాస్టారు ఇంటికే వచ్చి, మంచం పక్కన కాసేపు కూర్చుని, మ్యాట్ చేతిలోకి తీసుకుని అడిగారు. "ఇంత ఒంట్లో బాగోలేకుండా కూడా కోశారా?"

"ఆయన చేతి పనేనండి," అంది అక్తర్ బేగం తలుపు చాటు నుంచి. ఆడది కోసిందంటే మాస్టారు వెనక్కి ఇచ్చేస్తారేమోనని భయం.

మాస్టారు వెళ్లాక లాల్ అహమ్మద్ ఆమెను మంచం దగ్గరికి పిలిచాడు. తరవాత అన్నాడు, "నా పేరెందుకు చెప్పావు? రేపెవరైనా వచ్చి బ్రేకు కింద ఎంత వదిలావని అడిగితే నేనేం చెప్పను? కోసినవాళ్లే చెప్పాలి."

నాలుగో రోజు తెల్లవారుజామున ఆయన పోయాడు.

ఇద్దత్ అంటే భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు గడప దాటకుండా ఉండాలి. అక్తర్ బేగం ఇంట్లోనే ఉండిపోయింది. కొట్టు మరిది వజీర్ తెరిచాడు. వజీర్ చెడ్డవాడు కాదు, వదినకు వారం వారం సరుకులు తెచ్చి గుమ్మంలో పెట్టేవాడు. కానీ మోకాళ్ల మీద కూర్చునే ఓపిక అతనికి లేదు. విజయవాడ నుంచి తయారు మ్యాట్లు కట్టలు కట్టలుగా తెప్పించి పెట్టాడు. ఏ కారుకైనా అవే. పెద్దవైతే మడవడం, చిన్నవైతే అలాగే పడేయడం.

నవంబరు చివర వానల్లో ఒక రోజు సరుకుల సంచి దించి వజీర్ అక్కడే నిలబడ్డాడు.

"భాభీ, జకరయ్య మాస్టారి బండి పిట్టలవానిపాలెం దాటాక వరిచేలోకి దూసుకుపోయిందంట. బాపట్ల పోతున్నారంట భార్యాభర్తా. ఆవిడ చెయ్యి విరిగింది."

"మాస్టారికి?"

"ఏం కాలేదు." గొంతు తగ్గించి చెప్పాడు. "మ్యాట్ జారి బ్రేకు కింద ఇరుక్కుందంట. స్టాండులో అదే మాట. చేతులు వణికే రోజుల్లో కోశాడు, ఇవ్వకుండా ఉండాల్సింది అంటున్నారు. పున్నారావైతే అన్న వేసిన మ్యాట్ పీకి తీసేశాడు. వాడిని చూసి ఇంకో ఇద్దరు."

అక్తర్ బేగం సంచి లోపలికి తీసుకుంది. ఉల్లిపాయలు ఒకచోట, చింతపండు ఒకచోట పెట్టింది. ఆ పూట అన్నం వండింది గానీ తినలేదు. మంచినీళ్లు తాగించడానికి లేచిన ఆ నిమిషమే కళ్ల ముందు తిరుగుతోంది. కాగితం కదిలే ఉంటుంది. వేలెడు జరిగితే చాలు. చెయ్యి విరిగింది తన వల్ల, మాట పడుతున్నది మట్టిలో ఉన్న మనిషి. ఇరవై ఏళ్లు ఒక్క మ్యాట్ తిరిగి రాని మనిషి.

ట్రంకు పెట్టె తీసి మాస్టారి బండి కాగితం వెతికి పైన పెట్టుకుంది. ఇద్దత్ గడువు తీరడానికి ఇంకా పదహారు రోజులున్నాయి. పదహారు రోజులూ లెక్కపెట్టింది.

డిసెంబరు రెండో వారంలో గడువు తీరిన మర్నాడే రేపల్లె ప్యాసింజరు ఎక్కింది. వజీర్ స్టేషను దాకా వచ్చి గొణిగాడు.

"వెళ్లి ఏం చెప్తావు భాభీ? ఉన్నది చాలదా? నెల పోతే జనమే మర్చిపోతారు."

"జనం మర్చిపోతారు. ఆ మ్యాట్లు మళ్లీ వేసుకుంటారా?"

వజీర్ ఆమె టిక్కెట్టు చేతిలో పెట్టాడు.

వేమూరు దాటాక రెండు పక్కలా కోసిన వరి పనలు తడిసి నల్లబడి ఉన్నాయి. అక్తర్ బేగం కాగితపు చుట్టను బురఖా లోపల గుండెకు ఆనించి పట్టుకుని కూర్చుంది. చెప్పాల్సిన మాట తప్ప మరేం తలకెక్కడం లేదు.

మాస్టారి ఇల్లు లూథరన్ చర్చి వెనక వీధిలో. వసారాలో నిచ్చెన వేసుకుని మాస్టారు కాగితపు నక్షత్రం కడుతున్నారు. ఆయన భార్య రూతమ్మ పిండికట్టు వేసిన ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, అటు జరపండి, ఇటు జరపండి అంటూ కింద నుంచి పురమాయిస్తోంది. అక్తర్ బేగం చెప్పులు విడిచి, గుమ్మంలో కాళ్లు తుడుచుకుని లోపలికి వచ్చింది. అరికాలికి ఏదో తెలిసిన కుట్టు తగిలినట్టనిపించింది గానీ, ఆ కంగారులో వంగి చూడలేదు.

"లాల్ అహమ్మద్ గారి ఇంటావిడ కదూ," అంటూ మాస్టారు నిచ్చెన దిగారు. "రామ్మా, కూర్చో. నేనే వచ్చి పలకరించాల్సింది. ఈ చేతి గొడవలో పడి..."

"కూర్చోనండి. చెప్పి పోతాను." ఆమె నిలబడే చెప్పింది. "ఆ మ్యాట్ ఆయన కోయలేదు మాస్టారూ. నేను కోశాను. ఆ రోజు మీతో అబద్ధం ఆడాను. కోస్తూ మధ్యలో లేచాను, కాగితం కదిలుంటుంది. తప్పు నాది. స్టాండులో ఆయన్ని అంటున్నారు. అనాలంటే నన్ను అనమనండి." ఆపైన రూతమ్మ వైపు తిరిగింది. "మీ చెయ్యి నా వల్లే విరిగిందండి."

రూతమ్మ భర్త మొహం చూసింది. మాస్టారు కళ్లజోడు తీసి తువ్వాలుతో తుడుచుకున్నారు.

"ఎవరు కోస్తేనేం లేమ్మా. కావాలని చేస్తావా?"

ఆ మాటతో ఆమెకు ఏడుపు ఆగలేదు. కళ్లు తుడుచుకుని అడిగింది, "ఒక్కసారి మ్యాట్ చూస్తానండి. ఎంత తేడా వచ్చిందో చూసి పోతాను. ఇంకొకరికి కోయకుండా ఉంటాను."

"బండిలోనే ఉంది. బంపరు బాగుచేయించాను గానీ లోపల ఏదీ ముట్టుకోలేదు."

ఇంటి పక్క రేకుల షెడ్డులో ఉంది అంబాసిడర్. మాస్టారు తలుపు తీశారు. అక్తర్ బేగం మోకాళ్ల మీద కూర్చుని తల లోపలికి పెట్టింది. పెట్రోలు వాసన, పాత రెక్సిన్ వాసన, మూడు పెడళ్లు, పైన వేలాడే తీగలు. ఇరవై ఏళ్లు ఆయన రోజూ చూసింది ఇదా అనుకుంది. ఆయన చొక్కాకి ఉండే వాసన ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది. ఒక్క క్షణం ఏం చేయడానికి వచ్చిందో మర్చిపోయింది.

తరవాత చెయ్యి చాపింది. డిప్పరు బొత్తాం రంధ్రంలోంచి నిగిడి ఉంది. అంచు పట్టి లాగి చూసింది, మ్యాట్ కదల్లేదు. కాగితం విప్పి పైన పరిచింది. అంచుకు అంచు కూర్చుంది. బ్రేకు దగ్గరి వంపు కూడా.

"మాస్టారూ, బ్రేకు చేత్తో నొక్కి పట్టండి. ఇంకా, పూర్తిగా."

ఆయన వంగి నొక్కి పట్టారు. ఆమె బొటనవేలు ఆ సందులోకి సాఫీగా పోయింది, వచ్చింది. మళ్లీ పెట్టి చూసింది. మళ్లీ వచ్చింది.

"సరిపోయింది," అంది మెల్లగా. నమ్మకం కుదరక కాగితం ఎత్తి మ్యాట్‌నే చూసింది. నల్లగా నిగనిగలాడుతోంది. రబ్బరు గీతల్లో తన సుద్ద పొడి కూడా ఇంకా అలాగే ఉంది.

"ఇది నాలుగు నెల్లు తొక్కిన మ్యాటేనా అండి? కుడి మడమ ఆనేచోట గుంట పడాలి. రోజూ నడిపే బండికి నెలలోనే పడుతుంది. దీని మీద అసలు కాలే పెట్టలేదు."

"పెట్టకపోవడమేంటమ్మా," అన్నారు మాస్టారు. "దీని మీద పాతది ఉండేదిగా."

"ఏ పాతది?"

"ఫియట్‌ది. బండి అమ్మినా మ్యాట్ గట్టిగా ఉందని ఉంచాం."

రూతమ్మ షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. "ఇప్పుడు వసారాలో కాళ్లు తుడుచుకోడానికి వేశాను. బండి పైకి లాగాక పొలంలో దొరికిందని ఎవరో తెచ్చిచ్చారు."

అక్తర్ బేగం లేచి వసారాలోకి వెళ్లింది. తను ఇందాక కాళ్లు తుడుచుకున్నది దాన్నే. తిరగేసి చూసింది. నీలం దారం. కుడివైపు మడమ గుంట, పై అంచున పెడలు ఒరుసుకుని చిరిగిన చీలిక. బొత్తానికి రంధ్రం లేదు. ఫియట్‌కి అక్కర్లేదు మరి. ఆ మ్యాట్‌ను తెచ్చి బండిలో కొత్తదాని మీద పరిచింది. కింద ఉన్న బొత్తాం దాన్ని ఒక పక్క ఎత్తి పట్టింది. వేలితో తోస్తే అది జారుతూ వెళ్లి బ్రేకు కింద దూరింది.

మాస్టారు దాన్ని వెనక్కి లాగి, తనూ ఒకసారి తోసి చూశారు.

"ఆ రోజు వాన," అన్నారు. "గొడుగు నీళ్లన్నీ కాళ్ల దగ్గరే. రెండు రబ్బర్ల మధ్య నీళ్లు. మ్యాట్ జారిందని అందరికీ చెప్పింది నేనే. ఏ మ్యాట్ అని ఎవరూ అడగలేదు, నాకూ తట్టలేదు. రెండూ ఆయన చేతివేగా అనుకున్నాను."

"ఫియట్‌లో ఉంటే అదీ జారదండి."

"జారలేదు. తొమ్మిదేళ్లు నడిపాను."

రూతమ్మ కట్టు చెయ్యి వైపు చూసుకుంటూ అంది, "పైన వేసింది నేను. ఈయన తెచ్చిన రోజే కొత్తది పరిచేశారు. క్రిస్మస్‌కి కదా కొత్తది తొక్కాలి, పిల్లలూ మనవలూ వచ్చేటప్పటికి బురద పట్టి ఉంటుందని పాతది పైన పరిచాను. వద్దన్నారు కూడా. నేనే వినలేదు."

"నేను ఊరుకున్నానుగా," అన్నారు మాస్టారు.

"మా ఇంట్లోనూ అంతేనండి," అంది అక్తర్ బేగం. "కొత్త దుప్పటి కొని, నలుగుతుందని దాని మీద పాతది వేశాను. ఆయన పోయేదాకా పాతదాని మీదే పడుకున్నాడు."

రూతమ్మ బాగున్న చేత్తో ఆమె చెయ్యి పట్టుకుంది. వదిలేటప్పటికి చాలాసేపయింది.

కాఫీ తాగకుండా కదలనివ్వలేదు. తాగాక రైలు వేళ అడిగితే మాస్టారు కారు తాళాలు చేతిలోకి తీసుకున్నారు. "రైలెందుకు? స్టాండులో నేను చెప్పిన మాట నేనే వెళ్లి దిద్దుకోవాలి. కూర్చో." రూతమ్మ కూడా వస్తానని చీర మార్చుకుంది. ఫియట్ మ్యాట్ మళ్లీ గుమ్మంలోకి పోయింది. అలా అక్తర్ బేగం మొదటిసారి కారెక్కింది. వెనక సీట్లో రూతమ్మ పక్కన, చెప్పులు విడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. రూతమ్మ ఎంత చెప్పినా కింద పెట్టలేదు. దారిపొడవునా ఆమె చూపు మాస్టారి కుడి కాలి మీదే ఉంది. వేమూరు దగ్గర గేదెలు అడ్డమొచ్చి ఆయన గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఆమె ముందుకు వంగి చూసింది. మ్యాట్ ఉన్నచోటే ఉంది.

తెనాలి స్టాండులో బండి ఆగేసరికి పున్నారావు ఎదురొచ్చాడు. వెనక సందులోంచి వజీర్ కూడా వచ్చాడు. మాస్టారు దిగి, తలుపు బార్లా తీసి, బడిలో పాఠం చెప్పినట్టు జరిగిందంతా చెప్పారు. "అదీ సంగతి. తెలివితక్కువ పని మాది. ఆయన చేతి పనిలో ఏ లోపమూ లేదు."

పున్నారావు వంగి బండిలోకి చూశాడు. బొత్తాం చూశాడు, మ్యాట్ లాగి చూశాడు. మొహం చిన్నబోయింది.

"అనవసరంగా బాబాయ్‌ని అన్నాం," అన్నాడు. "ఒంట్లో జ్వరం పెట్టుకుని కూడా ఎంత కుదురుగా కోశాడో చూడండి. ఆ చెయ్యే చెయ్యి."

మాస్టారు ఏదో అనబోయి ఆగి, వెనక సీటు వైపు చూశారు. అక్తర్ బేగానికి అర్థమైంది. ఊరుకుంటే ఆ మెప్పు ఆయనకే మిగిలిపోతుంది. ఆయన చివరి మ్యాట్ అని స్టాండంతా చెప్పుకుంటుంది. మాస్టారూ కాదనరు. ఎంత తీపిగా ఉందో ఆ మాట. నోరు తెరవకుండా అలా కూర్చుంటే చాలు.

కోసినవాళ్లే చెప్పాలి అన్న మాట చెవిలో ఉంది.

"అది నేను కోశాను పున్నారావూ," అంది తలుపు తీసి దిగుతూ. "ఆయన కాగితం తీశాడు. కోసింది నేను. బ్రేకు కింద బొటనవేలంత సందు వదిలాను. చూసుకో."

వజీర్ తల తిప్పి ఆమెను చూశాడు. ఈ సంగతి అతనికీ ఇప్పుడే తెలిసింది.

పున్నారావు నిజంగానే వేలు పెట్టి చూశాడు. తరవాత లేచి, తువ్వాలు భుజం మార్చుకుని నసిగాడు. "పిన్నీ... నేను పీకేసిన మ్యాట్ ఎలకలు కొరికేశాయి. నా బండి కాగితం మీ పెట్టెలో ఉంటుందిగా, దాన్ని బట్టి ఇంకోటి కోసి పెడతావా?"

"ఉంది. కానీ అది పనికిరాదు."

"అదేంటి?"

"అప్పటికి మూడు రేకులే ఉన్నాయని ఆయన చెప్పాడు. ఇప్పుడు ఎన్ని అతికించావో ఏమో." దిగేటప్పుడు ఒళ్లోంచి జారిన చెప్పులు తొడుక్కుని, మరిది వైపు తిరిగింది. "వజీర్, కొట్లో పాత పేపరు ఉంటే పట్రా. సుద్ద కూడా."